మా ఇంటి ముఖం

మీ ఇంట్లో ఎవరెవరికి పై ముందు పళ్లు మొలవలేదో, ఎందుకు మొలవలేదో మీరెప్పుడైనా అడిగారా?

మేం అడగలేదు. ధర్మవరంలో మా నాయనకు పైన ముందు పళ్లు రెండు అసలు రానేలేదు. ఉన్నవి జొన్నగింజలంత. ముక్కు మొదలు చదునుగా, వెడల్పుగా ఉండేది. ముఖం నడిమి భాగం లోపలికి పోయి, కింది పెదవి ముందుకొచ్చినట్లు కనిపించేది. అక్కకూ నాకూ అదే ముఖం. "పుట్టేటప్పుడే ముసలోళ్లప్పా మీరు" అని వీధిలో ఎగతాళి చేసేవాళ్లు. నాయనా నవ్వేవాడు. మా కంటిపాపలు నల్లగుడ్డు నడిమిన కాక ఓ పక్కకు జరిగి ఉండేవి. అదీ పోలికే అనుకున్నాం.

నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గమున్న ఇంట్లో చూపుకు ఒకటే పరీక్ష: తెగిన పోగును అతకగలడా లేదా. నాయన చాలా ఏళ్లు అతికాడు. గడపలు తగిలి పడేవాడు. పక్కన నిలబడిన మనిషిని గుర్తించేవాడు కాదు. పోగు మాత్రం తప్పేది కాదు. చివరికి అదీ కనిపించలేదు. ఆయన దేనినీ ఊరికే నమ్మని మనిషి. "దిష్టీ లేదు, దెయ్యమూ లేదు. మగ్గం తినేసింది నా కండ్లు" అనేవాడు. కారణం దొరికింది కదా అని అందరం ఊరుకున్నాం, తాయెత్తులు నమ్మొద్దని మీటింగుల్లో అరిచే నేను కూడా. పరీక్షించకుండా ఒప్పుకున్న కారణానికీ తాయెత్తుకూ తేడా ఏముంది?

ఈమధ్య అక్క కూతురికి పాలపళ్లు ఊడాయి, కొత్తవి రాలేదు. తల్లీకూతుళ్లను వాళ్లుండే పెనుకొండ నుంచి హిందూపురం పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఎక్స్‌రేలో చిగుళ్ల లోపల రావాల్సిన పళ్లే లేవు. డాక్టరమ్మ ఎక్స్‌రే పక్కన పెట్టి, పిల్ల కళ్లలోకి లైటు వేసింది. తర్వాత అక్క ముఖం చూసింది, నా ముఖం చూసింది.

"మీరు ముగ్గురూ కంటి డాక్టరుకు చూపించుకోవాలి. ఈ పళ్లు, ఈ ముఖం, ఇలాంటి కంటిపాప కలిసి వచ్చే జబ్బు ఒకటుంది. అరుదైనదే, కానీ వంశంలో దిగుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగితే చూపు పక్కల నుంచి పోతుంది. నొప్పి కూడా తెలియకపోవచ్చు."

"నాకేమైంది మేడమ్? సూదిలో దారం ఒక్క ఏటున ఎక్కిస్తాండా. దీనికి పండ్లు పెట్టండి, సాలు" అంది అక్క.

"మామా, నీకూ లేవు కదా పండ్లు! మీటింగుల్లో ఎట్ల అరుస్తావు?" అంది పిల్ల.

డాక్టరమ్మ నవ్వలేదు. "దారం నడిమి చూపుతో ఎక్కుతుందమ్మా. మీ పక్కన ఎవరున్నారు?"

"యాడ?" అంది అక్క.

ఎడమపక్క నర్సు అప్పటికే నీళ్ల గ్లాసు చాచి నిలబడి ఉంది.

ఆ రోజే కంటి ఆసుపత్రికి పోయాం. అక్క ఎడమ కంటికి పక్కచూపు చాలావరకు పోయింది. పోయింది తిరిగి రాదు, మిగిలింది మందుతో కాపాడుకోవాలి. పిల్లకు ఒత్తిడి ఇప్పుడిప్పుడే పెరుగుతోంది, చూపు ఇంకా చెడలేదు. నాకు ఇంతవరకు ఏమీ లేదు, కానీ పరీక్షలు మానకూడదు.

"నాయనకూ ఇదేనా?" అని అడిగింది అక్క. తాను చూడకుండానే పోయిన మనిషి గురించి చెప్పలేనన్నాడు కంటి డాక్టరు. నాకు కోపం రావాలి. రాలేదు. పరీక్షించకుండా కారణం చెప్పనన్న మొదటి మనిషి ఆయనే.

ఇప్పుడు అక్క రోజూ తన కళ్లలో చుక్కలు వేసుకుని, పిల్ల కళ్లలో వేస్తుంది.

"మంటమ్మా."

"మండనీ. మూయొద్దు."

ముదిగుబ్బలోని మా చిన్నాయన కొడుక్కు ఫోన్ చేశాను. వాడిదీ ఇదే ముఖం. "నా కండ్లు బాగుండాయిలేన్నా" అని పెట్టేశాడు.

మీరు అలా పెట్టేయకండి. ఇంట్లో పిల్లలందరి నోళ్లూ తెరిపించి చూడండి. రావాల్సిన పళ్లు రాకపోయినా, కంటిపాప పక్కకు జరిగి ఉన్నా, ఆ పిల్లలతోపాటు వాళ్లను కన్నవాళ్లకూ కంటి ఒత్తిడి కొలిపించండి. నొప్పి వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే పోండి.