పిల్లల పరీక్షను తిరిగి అడిగిన మా మేడం

మా మేడం పోయారన్న కబురు గురువారం పొద్దున వాళ్ల చెల్లెలి ఫోనులో తెలిసింది. "రజియా, అక్క వెళ్లిపోయిందమ్మా. నొప్పి నుంచైతే బయటపడింది," అన్నారామె. చిలకలగూడ మలుపులో బండి పక్కకు ఆపి, హెల్మెట్ తీయకుండానే చాలాసేపు ఏడ్చాను.

మేడం నాకు పరిశోధన నేర్పిన గురువు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగారు. క్షయ క్రిముల మీద పనిచేస్తూ సికింద్రాబాద్‌లోనే జీవితమంతా గడిపారు. ఆదివారం చర్చిలో పాడిన పాట సోమవారం ల్యాబులో కూడా సన్నగా వినిపిస్తూ ఉండేది. ఆ పాట ఆగిందంటే ఏదో ప్రయోగం తేడా కొట్టిందని మాకు అర్థమయ్యేది.

మా ల్యాబున్న ఆసుపత్రి పిల్లల వార్డులో అడుగు పెట్టే ముందు అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేవారు. "చల్లటి చేత్తో ముట్టుకున్నామంటే మళ్లీ మనల్ని దగ్గరికి రానివ్వరు," అనేవారు. మేం శాంపిల్ నంబరు చెబితే "పిల్ల పేరేంటి?" అని అడిగేవారు. తెలియదంటే తిట్టేవారు కాదు. వార్డుకు వెళ్లి, తల్లితో కాసేపు మాట్లాడి రమ్మని పంపేవారు.

పెద్దవాళ్లకైతే కఫం పరీక్షించి క్షయ ఉందో లేదో చెప్పవచ్చు. చిన్నపిల్లలకు ఉమ్మడం చేతకాదు, మింగేస్తారు. అందుకని పరగడుపున ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి తీస్తారు. తల్లి చేతులు పట్టుకోవాలి, నర్సు తల పట్టుకోవాలి. అంత ఏడిపించాక కూడా చాలాసార్లు ఏమీ తేలదు. ఈ గొట్టంతో పని లేకుండా, పిల్లల మలంలోనే క్రిమి జాడ పట్టే తేలికైన పరీక్ష తయారు చేయాలని మేడం పట్టుబట్టారు.

అందుకు దారి యూరప్ నుంచి దొరికింది. అక్కడ ప్రభుత్వాలూ కంపెనీలూ కలిసి పరిశోధనకు నిధులు పెట్టే భాగస్వామ్యాలు ఉంటాయి. ఒక వాటా జనం కట్టిన పన్నుల సొమ్ము. మరో వాటా కంపెనీలు తమ మనుషుల రూపంలోనో సామగ్రి రూపంలోనో పెడతాయి. అలాంటి ఒకదానిలో మా చిన్న ల్యాబుకూ చోటిచ్చారు. పిల్లలు, వార్డు, పరీక్షించే పని మావి. క్రిమిని పట్టుకునే ప్రోటీన్ మాత్రం అక్కడి ఒక కంపెనీది.

పరీక్ష పనిచేసింది. గొట్టం పట్టుకోలేని జబ్బును కూడా అది పట్టుకుంది. ఫలితం ఖాయమైన రోజు మేడం బేకరీ నుంచి కొబ్బరి కూరిన దిల్‌పసంద్ తెప్పించి, తన చేత్తో కోసి, వార్డు ఆయాల దాకా అందరికీ పంచారు. అంత పెద్దగా ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

కొన్నాళ్లకే ఆ కంపెనీని అంతకన్నా పెద్ద కంపెనీ కొనేసింది. వాళ్ల తరఫున మాతో ఎప్పుడూ మాట్లాడే అధికారి ఆన్‌లైన్ సమావేశంలో తల దించుకునే చెప్పారు: "మా ప్రాధాన్యాలు మారాయి. ఈ పరీక్షను మార్కెట్లోకి తేవడం లేదు."

"మీరు తేకపోతే పోనివ్వండి. ఆ ప్రోటీన్ మాకివ్వండి, వేరేవాళ్లతో చేయించుకుంటాం," అన్నారు మేడం.

"ఒప్పందం ప్రకారం అది మా సొత్తు. ఇవ్వడం కుదరదు."

"వాడుకోరు, వాడుకోనివ్వరు. అంతేనా?"

ఆయన తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. మిగిలిన భాగస్వాములెవరూ ఆమె వెనక నిలబడలేదు. కనీసం వార్డు వరకైనా వాడుకోనివ్వమని మేడం తర్వాత ఎన్ని విధాల అడిగినా అదే జవాబు వచ్చింది. మా దగ్గరున్న సామగ్రి అయిపోయింది. వార్డులో మళ్లీ గొట్టాలు మొదలయ్యాయి.

ఆ చలికాలం ఒక పాపను తీసుకొచ్చారు. జ్వరం తగ్గడం లేదు, తిండి సహించడం లేదు. గొట్టం వేసినా ఏమీ దొరకలేదు. డాక్టర్లు ఇంకా ఆలోచిస్తుండగానే జబ్బు మెదడుకు పాకింది. పాప బతకలేదు. తల్లి వార్డు బయట నేల మీద కూర్చుండిపోయింది. మేడం వెళ్లి ఆమె పక్కనే కింద కూర్చున్నారు.

"మా అక్క కొడుక్కు మీరేదో కొత్త టెస్టు చేసిండ్రంట కద మేడం," అంది ఆ తల్లి. "పిలగాడు మంచిగైండు. మా బిడ్డకు సుత గదే ఎందుకు చేయకపోయిండ్రు?"

తప్పించుకోవడానికి మేడం ఏదైనా చెప్పి ఉండవచ్చు. ఉన్నదే చెప్పారు. "చేయాల్సిందేనమ్మా. కానీ ఆ టెస్టుకు కావలసింది ఒక కంపెనీ దగ్గరుంది. వాళ్లు ఆపేశారు. మాకు ఇవ్వట్లేదు."

"గదేందీ మేడం? ఉండి సుత ఇయ్యరా?"

ల్యాబుకు తిరిగి వస్తూ మేడం, "ఇది నన్నడగాల్సిన ప్రశ్న కాదు రజియా. అడగాల్సినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి," అన్నారు.

ఆ భాగస్వామ్యాలను ఎలా సంస్కరించాలో చెప్పమని యూరప్‌లో అభిప్రాయాలు అడుగుతున్న సమయం అది. మేడం రాసి పంపారు. ఊరుకోకుండా బ్రస్సెల్స్ వెళ్లారు, నన్నూ వెంట తీసుకెళ్లారు. గది నిండా కంపెనీల వాళ్లే, ఆసుపత్రుల తరఫున వచ్చినవాళ్లు కొద్దిమంది. మా పరీక్షను ఆపిన కంపెనీ అధికారి ఎదురు వరుసలో ఉన్నారు. మేడం పాప గురించి చెప్పారు, తల్లి ప్రశ్న చెప్పారు. జనం సొమ్ముతో నడిచిన పనిని కంపెనీ వద్దనుకున్న రోజు, అది జనానికే తిరిగి రావాలని అడిగారు. ఏ జబ్బు మీద పని చేయాలో అమ్ముకునేవాళ్లే తేల్చకూడదని, వైద్యం చేసేవాళ్లకూ చేయించుకునేవాళ్లకూ ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండాలని అన్నారు.

"ఇంత కఠినంగా ఉంటే కంపెనీలు భయపడి వెళ్లిపోతాయండీ," అన్నారెవరో.

"మా పిల్లల్ని వదిలి ఇప్పటికే వెళ్లిపోయారు కదా," అన్నారు మేడం. గొంతు పెంచలేదు. వచ్చి నా పక్కన కూర్చుని అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకున్నారు.

తర్వాత కొత్త నిబంధనలు వచ్చాయి. ఆమె అడిగినదంతా కాదు గాని కొంత అందులో చేరింది. ఆమెలాగే అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి అది తన ఘనత అని మేడం ఎన్నడూ చెప్పుకోలేదు. ల్యాబులో కూర్చుని మొత్తం చదివి, "మన దానికి వర్తించదు. కొత్తగా మొదలయ్యేవాటికే," అన్నారు. కాగితాలు పక్కన పెట్టి, "సరే, ముందు ముందు వచ్చేవాళ్లు మనలా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు," అన్నారు. అని, కంపెనీ ప్రోటీన్ లేకుండా పరీక్షను మళ్లీ మొదటి నుంచి తయారు చేయడానికి కూర్చున్నారు.

దాన్ని పూర్తి చేసే టైము ఆమెకు దొరకలేదు. కడుపులో క్యాన్సర్ బయటపడేసరికే ముదిరిపోయింది. ఆఖరుసారి చూడబోయినప్పుడు నేను పట్టుకున్న ఆమె చెయ్యి చాలా తేలికగా ఉంది.

"పని ఎంతవరకు వచ్చింది?"

"బాగా నడుస్తోంది మేడం."

"నాకెందుకు అబద్ధం చెప్తావ్? మెల్లగా నడుస్తోందని చెప్పు."

"మెల్లగా నడుస్తోంది మేడం."

"ఆ, అట్లా చెప్పు," అని కళ్లు మూసుకున్నారు.

సమాధి అయ్యాక, దూరాల్లో ఉన్న పాత సహచరుల కోసం ఒక సాయంత్రం ఆన్‌లైన్‌లో సంతాప సభ పెట్టాం. తెర మీద ఒక గడిలో మేడం ఫోటో ఉంచాను. ఆ కంపెనీ అధికారి కూడా వచ్చారు. ఉద్యోగం నుంచి తప్పుకున్నారట, బాగా ముసలివారైపోయారు. "ఆమె అడిగింది ఇవ్వవచ్చని నాకు తెలుసు," అన్నారు. "ఇవ్వమని నా పైవాళ్లను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏమయ్యేదో ఇక నాకెప్పటికీ తెలియదు."

చెల్లెలు ప్రార్థన చేశారు. ఒక్కొక్కరే సెలవు తీసుకుని తెర మీంచి తప్పుకున్నారు. చివరికి మేడం ఫోటో, దాని పక్క గడిలో ఆయన మిగిలారు. మాకు చీకటి పడింది గాని అక్కడింకా మధ్యాహ్నమే, కిటికీలోంచి ఎండ ఆయన బల్ల మీద పడుతోంది. సభ ముగించాల్సింది నేనే, కానీ బటన్ నొక్కలేకపోయాను. ఆయన కళ్లజోడు తీసి, ఫోటో వైపు వంగి, ఏదో చెప్పడం మొదలుపెట్టారు. ప్రార్థనప్పుడు ఆపుకున్న ఆయన మైకు ఇంకా ఆపేసే ఉంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి.