అరవై ఏళ్ల పేర్లు పాడిన మనిషి

పందొమ్మిది రోజులుగా ఒక్క మాట పలకని మనిషి నా కళ్లముందే పాట ఎత్తుకున్నాడు.

ఒమాన్‌లోని నిజ్వాలో ఒక ఆసుపత్రి. శుక్రవారం, పొద్దున పదిన్నర అయి ఉంటుంది. పక్క మంచం మీది ఒమానీ ముసలాయన దిండుకు ఆనుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగుతూ ఖురాన్ చదువుకుంటున్నాడు. చేతిలో పుస్తకం లేదు. అంతా కంఠతా, రాగంగా. ఇటు మంచం మీద మా రోగి తల కూడా అదే ఊపుకు కదలసాగింది. నొప్పేమో అనుకుని నర్సును పిలవబోయాను. ఈలోగా అతని గొంతు పెగిలింది.

"ప్రభవ... విభవ... శుక్ల... ప్రమోదూత..."

తడబాటు లేదు, ముద్ద మాట కాదు. వరసగా, బడిపిల్లాడి రాగంతో, "అక్షయ" దాకా వెళ్లాడు. ఊపిరి పీల్చుకుని మళ్లీ ప్రభవ దగ్గరికి వచ్చాడు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. నాకు పది దాటితే రావు. నా చేతిలోని నీళ్ల సీసా మూత జారి మంచం కిందికి దొర్లింది. వంగి తీయాలని కూడా తోచలేదు.

అతని రూమ్మేట్, అతని జిల్లా కుర్రాడే, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఓర్నీ! సార్, కాక మాట్లాడుతుండు సార్!"

ముసలాయన చదవడం ఆపి కళ్లు తెరిచాడు. సూక్‌లో, అంటే బజారులో, ఇండియా దుకాణాల పక్కన చాలా ఏళ్లు ఖర్జూరాలు అమ్మాడట, హిందీ బాగానే వచ్చు. "ఇది మీ ఖురానా?" అని నన్ను అడిగాడు.

"కాదు బాబా. సంవత్సరాల పేర్లు."

"క్యాలెండరా!" ఆయన పళ్లులేని నోటితో నవ్వాడు. "క్యాలెండర్ కూడా పాడుకుంటారా మీరు?"

నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెప్పాలంటే వారం వెనక్కి వెళ్లాలి.

ఆ రోగి ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన, కాంక్రీటు పోయడానికి పలకలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్. యాభై దాటాయి. రాజధాని పక్క మబేలాలో కంపెనీ రూమ్, కొన్ని నెలలుగా నిజ్వా సైట్‌లో డ్యూటీ. ఒకరోజు పలక బిగిస్తూ బిగిస్తూ కూలబడ్డాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పోయాయి. చెప్పింది అర్థమవుతుంది. తిరిగి చెప్పలేడు. నేను హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు ఇక్కడి రాజధానిలో, అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో అనువాదాలు చేస్తున్నాను. డాక్టర్ల ప్రశ్నలు తెలుగులో అడగడానికి చదువుకున్నవాళ్లు కావాలని ఎవరో నా నంబర్ ఇచ్చారు.

అంతకుముందు శుక్రవారం మొదటిసారి వెళ్లాను. నాకు ప్రశ్నల కాగితం ఇచ్చారు. నీ పేరేమిటి, ఏ ఊరు, ఇదేమిటి అని పెన్ను చూపించడం, గడియారం చూపించడం. అతను ప్రతి ప్రశ్నకూ మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించాడు. "త... త..." తప్ప ఏమీ రాలేదు. చివర ఫోన్‌లో అతని భార్య ఫోటో చూపించి, "ఈమె పేరు చెప్పు" అన్నాను. ఫోటో వంక చూసి, మొహం గోడకు తిప్పుకున్నాడు. నేను కాగితం అడుగున ఇంగ్లీషులో రాశాను: ఏ ప్రశ్నకూ మాటతో జవాబు లేదు. సంతకం చేశాను.

కంపెనీ అడిగింది ఒక్కటే: మాట వచ్చే ఆశ ఉందా? ఉంటే ఇక్కడే ఉంచుతారు. లేకపోతే ఇంటికి పంపేస్తారు. ఆసుపత్రిలో మాట నేర్పే నిపుణురాలు ఉంది. మొదటి నెలలే ముఖ్యమని డాక్టర్ అంటోంది. అతని మండలంలో అలాంటివాళ్లు లేరు. నా కాగితం చూసి టికెట్ తీశారు.

అదే వారంలో నేను ఇంకో కాగితం కూడా రాసుకుంటున్నాను. అల్ ఖువైర్‌లో తెలుగు కుటుంబాల పిల్లలకు శుక్రవారం సాయంత్రం క్లాసు నడుస్తుంది. ప్రాచీన కాలంలో చదువులో సంగీతం పాత్ర గురించి మాట్లాడమన్నారు. గ్రీకు దేశంలో పిల్లవాడి చేతికి తంత్రీవాద్యం, నోటికి కావ్యం కలిపి ఇచ్చేవారని రాసుకున్నాను. మన దగ్గర వేదం నేర్చేవాడికి అక్షరంతోపాటు స్వరం కూడా పాఠమే, స్వరం తప్పితే పాఠం తప్పినట్టేనని రాసుకున్నాను. డెస్కు మనిషికి హెడ్డింగ్ ముందే తోచే జబ్బు ఉంటుంది. కింద గీత గీసి తేల్చేశాను: ఇదంతా కాగితం కరువైన కాలపు ఉపాయం, అచ్చు వచ్చాక దాని పని అయిపోయింది.

ఇప్పుడు ఆ అయిపోయిన పని ఎదురుగా మంచం మీద రెండోసారి అక్షయ దాకా వచ్చింది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నాడు?" అని కుర్రాణ్ని అడిగాను.

"వాళ్లూరి బడిపంతులు అన్నీ పాటగనే చెప్పిండంట సార్. ఉత్తగ చెప్తే ఒప్పుకోకపోయేటోడంట. రూమ్‌ల కూర వండుకుంట కాక ఎక్కాలు పాడేటోడు. మేం నవ్వేటోళ్లం."

"మరి నాకు ముందే చెప్పలేదేం?"

"మీరు అడగలే గద సార్. పెన్ను అడిగిండ్రు, గడియారం అడిగిండ్రు."

డాక్టర్ వచ్చింది. సూడాన్ మనిషి. మళ్లీ పాడించింది, నిలబడి మొత్తం వింది. మాట నడిచే చోటు దెబ్బతిన్నా, నేర్చిన పాట తలలో ఇంకో దారిన రాగలదని చెప్పింది. ఒక్కోసారి మామూలు మాటలను కూడా ఆ దారి పట్టించవచ్చు, అందరికీ కుదరదు అంది. "నీళ్లు కావాలి" అనడాన్ని వాళ్ల యాసలో ఎలా అంటారో అడిగింది. అతని ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుని, మంచం మీద దరువు వేస్తూ, ప్రభవ విభవ రాగంలోనే, "నీళ్లు... కావాలె" అని పాడింది. ఆమె నోట ఆ తెలుగు వింతగా ఉంది. మూడోసారికి అతను అందుకున్నాడు.

"నీళ్లు... కావాలె."

కుర్రాడు గ్లాసు పట్టుకుని పరిగెత్తాడు. ముసలాయన తల పంకించాడు. "మా ఉస్తాద్ తాళం బెత్తంతో వేసేవాడు. మీ డాక్టర్ నయం."

కుర్రాడు వీడియో కాల్ చేసి అతని భార్యకు విషయం చెప్పాడు. నేను ఫోన్ తీసుకుని, పోయినవారం ఆమె పేరు చెప్పమంటే అతను మొహం తిప్పుకున్న సంగతి చెప్పాను.

"నా పేరా!" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముప్పయ్యేండ్లల్ల ఒక్కనాడు పిల్వలే సార్. 'ఓ' అంటడు. నేను పలుకుత. నలుగుట్ల ఆడిదాని పేరు చెప్తడా?"

తెలుగువాణ్ని, ఆ వయసు మనిషి భార్య పేరు పరాయివాళ్ల ముందు అనడని నాకు తెలియదా? తెలుసు. కాగితం మీద ప్రశ్న ఉంది కాబట్టి అడిగాను. మిగతా ప్రశ్నలకు రాని జవాబుతో కలిపి లెక్క వేశాను.

"కాకా, అరవై పేర్లు పాడుతవు, నువ్వు పిల్చే గా ఒక్క అక్షరం పిలువరాదా!" అని కుర్రాడు ఫోన్ అతని మొహం ముందు పెట్టాడు. అతను ఆమె వంక చూశాడు. పెదవులు గుండ్రంగా తెరుచుకున్నాయి. మెడ నరాలు మళ్లీ ఉబ్బాయి.

"ప్రభవ" అన్నాడు.

అతని కళ్లలోకి నేను చూడలేకపోయాను. తాను అనబోయింది అది కాదని అతనికి తెలుసు.

"మంచిగుంది తియ్" అంది ఆమె. "గట్లనే పిలువు. గదానికే పలుకుత."

ఆ సాయంత్రం పిల్లల ముందు గీత గీసిన వాక్యం చదవలేదు. నిజ్వాలో చూసింది చూసినట్టు చెప్పి కూర్చున్నాను.

మర్నాడు రెండో కాగితం రాశాను. డాక్టర్ సంతకం చేసింది. కూలీల వసతి చూసే కంపెనీ క్యాంప్ బాస్ చేతికి నేనే ఇచ్చాను. టికెట్ ఒకసారి వాయిదా వేశారు. మళ్లీ వేస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు. నాలుగు శుక్రవారాలు గడిచాయి. ఇప్పుడు అతను ఆరు మాటలు అడగగలడు, ఆరూ ఆ ఒక్క రాగంలోనే. 'ఓ' ఇంకా రాలేదు. ఫైల్లో నా చేతిరాత కాగితాలు రెండూ ఉన్నాయి. మొదటిది తీసేయమని అడిగితే, ఒకసారి చేరిన కాగితం తీయడం కుదరదన్నారు.