పదకొండు రాళ్లు

రాజయ్య పాలమూరు నుంచి ఖాజాగూడకు రాళ్లు కొట్టడానికి వచ్చినప్పుడు అతనికి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు అరవై ఆరు. గుట్ట సగం కరిగిపోయింది. మిగిలిన సగం పక్కన ఉన్న మూడెకరాల ఖాళీ జాగాకు అతనే కాపలా. గచ్చిబౌలిలో ఆఫీసు గేటు దగ్గర, నీడపట్టున పని చూస్తానని కొడుకు మధు రెండుసార్లు అన్నాడు. రాజయ్య కదల్లేదు. ఎందుకని అడిగితే, ఇక్కడ గాలి బాగుంటుందన్నాడు.

అసలు కారణం జాగా ఉత్తరం మూలన ఉంది. నలభై ఏళ్ల కింద, పుట్టిన తొమ్మిదో రోజున పోయిన ఆడపిల్లను అక్కడే పూడ్చాడు. కుక్కలు తవ్వకుండా పైన బండ పెట్టి, చుట్టూ రాళ్లు పేర్చాడు. అప్పట్లో ఆ నేలలో పెద్ద పెద్ద రాతి వలయాలుండేవి. రాకాసిగుళ్లు అనేవాళ్లు. వాటిని చూసే అట్లా పేర్చాడు.

ఇప్పుడక్కడ ముప్పై అంతస్తులు లేపబోతున్నారు. ఆ నేలలో పాతకాలపు ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో చూసి రాసిమ్మని అప్పిచ్చే బ్యాంకు అడిగింది. ఆ పని మీద ఉమాశ్రీ వచ్చింది. రాజమండ్రి అమ్మాయి, మణికొండలో ఉంటుంది. నెల రోజులు పాత పటాలు, పహాణీలు తిరగేసినా ఏమీ దొరకలేదు. ఇక నేలంతా నడిచి చూడడం ఒక్కటే మిగిలింది.

ఉత్తరం మూలన ఆగి, మోకాళ్ల మీద కూర్చుంది.

"తాతగారూ, ఈ టేపు కొస కాస్త పట్టుకుంటారా?"

వెంట వచ్చిన రాజయ్య పట్టుకున్నాడు.

"పదకొండు రాళ్లు. చిన్నదే గానీ, ఇనుప యుగం సమాధులు ఇలాగే ఉంటాయండి. రెండు వేల ఏళ్లుంటుంది."

"రెండు వేలా," అన్నాడు రాజయ్య. "జర తగ్గదా?"

ఆమె నవ్వింది. "బేరమాడతారేంటండీ."

"ఇది రాస్తె ఏమైతది?"

"పని ఆపుతారు. తవ్వకం వాళ్లొచ్చి నెమ్మదిగా అడుగుదాకా తవ్వుతారు. ఎముకలు దొరికితే పెట్టెల్లో తీసుకెళ్తారు."

"రాయకుంటె?"

"జేసీబీ వస్తుంది."

రాజయ్య టేపు వదిలాడు. అది సర్రున చుట్టుకుపోయింది.

"గది మా పిల్లది, అమ్మా," అన్నాడు. ఎప్పుడు పూడ్చిందీ, ఎందుకు పేర్చిందీ చెప్పాడు.

"ఇంకెవరికైనా తెలుసాండీ?"

"మా ఇంటామెకు. కొమురమ్మకు. యాడాదికోపారి వచ్చి కూసుంటది. ఏం మాట్లాడది."

ఉమాశ్రీ కాగితం మీద రాసినదాన్ని కొట్టేసింది. "అయితే ఇక్కడ పాతవేమీ లేవన్నమాట."

"లేవని ఎవరన్నరు? ఆ కానుగచెట్టు కాడ మూడు రాకాసిగుళ్లు, కరెంటు స్తంభం కాడ రెండు. పై రాళ్లు మేమే పగలగొట్టి లారీలకెత్తినం. కిందికి గడ్డపార దించలే. మేస్త్రి తిట్టినా దించలే. భయం."

ఆమె ఆ రెండు చోట్లూ పటంలో గుర్తు పెట్టుకుంది.

"మీ పాపది వేరుగా రాస్తానండి. మిమ్మల్ని అడక్కుండా ముట్టుకోవద్దని రాస్తాను. వాళ్లు వింటారని మాత్రం చెప్పలేను."

"రాయమ్మా. రాసుంటె అడగొచ్చు."

"పాప పేరు?"

"పెట్టలే."

ఉమాశ్రీ రాసి చదివి వినిపించింది: రాజయ్య, కొమురమ్మల కూతురు.

"ముందు కొమురమ్మ పేరు పెట్టు," అన్నాడు.

ఆమె కొట్టేసి మళ్లీ రాసింది. తర్వాత ఇద్దరూ కానుగచెట్టు వైపు నడిచారు.