నిన్నటి నీళ్లు

భీమవరంలో మేం అద్దెకుంటున్న ఫ్లాటుకి రెండు కుళాయిలు. ఒకదాంట్లో బోరు నీళ్లు వస్తాయి. ఊరి చుట్టూ చేపల చెరువులు తవ్వాక అవి ఉప్పుబారాయి, బాత్‌రూముకి తప్ప పనికిరావు. రెండోదాంట్లో మున్సిపాలిటీ నీళ్లు, పొద్దున్నే గంటసేపు. ఆ గంటలో పట్టుకున్నవే తాగడానికీ, వండడానికీ.

ఇంట్లో ఉండేది నేనూ మా మేనత్తా. భర్త పోయాక చిన్నతనంలోనే పుట్టింటికి వచ్చేసింది. ఆ పుట్టిల్లూ, పొలాలూ చేతులు మారిపోయినా ఆవిడ పద్ధతులు మారలేదు. మారాలని నేనూ అనుకోలేదు. మాకు మిగిలింది అవే.

ఈ ఏడు వేసవి మొదట్లో, మీ ఫ్లాటుకే నీళ్లు ఎక్కువ పోతున్నాయని అపార్టుమెంటు వాళ్లు నలుగురిలో అన్నారు. మాట పడడం మా ఇంట అలవాటు లేదు. మర్నాటి నుంచి ప్రతి పనికీ ఎన్ని నీళ్లు పోతున్నాయో బకెట్టుతో కొలిచాను. కుళాయి వదిలి గిన్నెలు తోమే చోట బేసిను పెట్టించాను. బియ్యం కడిగిన నీళ్లు తులసికుండీకి, బట్టలు జాడించిన నీళ్లు ఇల్లు తుడవడానికి వాడాం. అయినా తేడా కనిపించలేదు. ఒకరోజు పెందలాడే లేచి వంటగదిలోకి వెళ్తే, అత్తయ్య బిందెల్లో మిగిలిన నీళ్లన్నీ సింకులో వంపేస్తోంది.

రాత్రి నిలిచిన నీళ్లు పాచినీళ్లు. పొద్దున్నే అవి పారబోసి, బిందెలు తోమి, కొత్తవి పట్టుకోవాలి. మా ఇంట్లో తరతరాలుగా జరిగింది అదే. పెరట్లో నుయ్యి ఉన్నప్పుడు అది శుభ్రత. ఇక్కడ రోజూ రెండు బిందెల మంచినీళ్లు మురుగులోకి పోతున్నాయి.

సరిగ్గా అప్పుడే, ఏటా వేసవిలో చేసినట్టే, ఊరికి నీళ్లిచ్చే గోదావరి కాలువలు కట్టేశారు. కుళాయి రోజు విడిచి రోజు అయింది. ఇక పారబోయడానికి లేదని చెప్పాను. “అలాగే నాయనా” అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు.

తర్వాత నీళ్లు మిగలడం మొదలైంది. కుళాయి రాని రోజు సాయంత్రానికి కూడా ఒక బిందె నిండుగా ఉండేది. మా కింది ఫ్లాటాయన, నీళ్లు కావాలంటే తమ దగ్గర పట్టుకోమని అంతకుముందు పనిమనిషితో కబురుపెట్టాడు. అక్కర్లేదని చెప్పించాను. ఆయనకి చేపల చెరువులున్నాయి. మా పొలాలు ఇప్పుడు ఆయన చెరువులే. రోజూ పొద్దున్నే మెరక ఊళ్ల నుంచి ఆయనకి మంచినీళ్ల ట్యాంకరు వస్తుంది. ఒకప్పుడు నీటి వంతు కోసం వాళ్ల నాన్న మా పొలం బోదె కాలువ గట్టు మీద కూర్చుని ఎదురుచూసేవాడు. బిందె మిగిలిన ఆ రోజుల్లో వాళ్ల గుమ్మం ముందు నుంచి నడవడం నాకు బాగానే ఉండేది.

కుళాయి రాని ఒక మధ్యాహ్నం అత్తయ్య పొయ్యి దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసుతో నీళ్లు ముంచి అందిస్తే నోరు బిగించింది.

“నిన్నటివి కదా.”

ఆవిడ రాగిచెంబు గూట్లో బోర్లించి ఉంది. అప్పుడు అర్థమైంది. కుళాయి రాని రోజుల్లో నాకు వండిపెట్టి, తనకి ఉపవాసమని చెప్పేది. ఆవిడకి ఏనాడూ ఉపవాసాలు తక్కువ కాదు కాబట్టి నేను అడగలేదు. మిగిలిన ఆ బిందె ఆవిడ తాగనిది.

బొండాం కొట్టించి తెచ్చాను. సగం తాగి, దాహం తీరలేదంది. డబ్బా నీళ్లు తెప్పిస్తానంటే, అవి ఎప్పుడు పట్టినవో అంది. దేవుడి గూట్లో పుష్కరాలప్పుడు రాజమండ్రి నుంచి తెచ్చి మూత బిగించిన గోదావరి నీళ్లున్నాయి. అన్నేళ్ల నీళ్లకి లేని పాచి ఒక్క రాత్రికి ఎలా వచ్చిందని అడిగాను.

“అవి తాగడానికి కావు నాయనా. పోయేటప్పుడు నోట్లో పోయడానికి.”

ఆవిడని కసరుకోవచ్చు, బలవంతంగా పట్టించవచ్చు. కానీ ఆవిడ పట్టుకు వేలాడుతున్నది నేనూ పట్టుకు వేలాడుతున్నదే. ఈ ఊళ్లో ఈ పూట పట్టిన మంచినీళ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

ప్లాస్టిక్ బకెట్టు చేతిలోకి తీసుకుని మళ్లీ దించేశాను. అడగడమే అయితే మా ఇత్తడి బిందెతోనే అడుగుతాను. దాని మీద మా తాతగారి పేరు చెక్కి ఉంది. మెట్లు దిగుతుంటే ఆ అక్షరాలు నా వైపుకి తిప్పుకుని, పొట్టకి ఆనించి పట్టుకున్నాను.

ఆయనే తలుపు తీశాడు. బిందె చూశాడు. అత్తయ్యకి ఒంట్లో బాగాలేదని, ఇవాళ్టి నీళ్లు కావాలని చెప్పాను. లోపలికి పట్టుకెళ్లి తనే నింపి తెచ్చాడు. అక్షరాలు ఇప్పుడు ఆయన వైపున్నాయి. చదువుకునేంత సేపు గుమ్మంలో నిలబడ్డాడు.

“మీరు అడగాలాండీ? వంతు ఎప్పుడూ మీదే కదా” అన్నాడు.

వెటకారమో మర్యాదో ఆయన మొహంలో కనిపించలేదు. ఏదైనా ఒకటే. థాంక్సండి అని పైకి వచ్చేశాను.

ఎక్కడివని అత్తయ్య అడిగింది. కింద వాళ్లవని చెప్పాను. కాసేపు బిందెకేసి చూసి, చెంబు తిరగేసి ముంచుకుంది. ఆపకుండా తాగింది. రెండో చెంబు కూడా తాగింది.

కాలువలు వదలడానికి ఇంకా చాలా రోజులున్నాయి. రేపు కుళాయి వస్తుంది. ఎల్లుండి మళ్లీ ఆ మెట్లు దిగాలి.