మజ్జిగలో కలిపిన మాత్రలు

కొవిడ్‌కు ముందటి ఏడాది వానాకాలంలో నన్ను ఉప్పల్ నుంచి నాచారంలోని ఒక చిన్న దవాఖానాకు స్టాఫ్ నర్సుగా బదిలీ చేశారు. డాక్టరమ్మ రాసిన మందులు ఎలా వాడాలో పేషంట్లకు చెప్పి పంపడం నా పని. అందులో నాకు సాటి ఎవరూ లేరని నా నమ్మకం.

మొదటి వారంలోనే బాలమణి వచ్చింది. పీర్జాదిగూడలో ఉంటూ నాచారం బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుట్టేది. యోనిలో విపరీతమైన దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. పది నిమిషాలు కూడా కుర్చీలో కూర్చోలేక మాటిమాటికీ లేస్తుంటే, సూపర్‌వైజర్ పనిలోంచి తీసేస్తానన్నాడట. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఫంగస్ అని తేల్చి, యోనిలో పెట్టుకునే ఆరు మాత్రలు రాసింది. వాటిని లోపలికి నెట్టడానికి ప్లాస్టిక్ గొట్టం కూడా ఇస్తారు.

నా బల్ల పక్కనే బీపీ చూపించుకోవడానికి నలుగురు మగవాళ్లు కూర్చున్నారు. అందుకని గొంతు తగ్గించి, "రోజూ పడుకునే ముందు ఒకటి లోపలికి వేసుకో. ఈ గొట్టంతో సులువు" అన్నాను. ఆమె తలూపింది.

ఏడో రోజు తిరిగొచ్చింది.

"సిస్టరమ్మా, గీ గోళీలు గొంతుల దిగుతలేవు. మజ్జిగల నూరి, గా గొట్టంతోనే కలిపి తాగిన. దురద జరంత గూడ తగ్గలే!"

బీపీ వరుసలోని పెద్దాయన, "మజ్జిగల ఉప్పేసినవా బిడ్డా?" అని అడిగాడు.

"ఉప్పేసినా గిట్లనే ఉన్నది మామా."

లోపల డాక్టరమ్మ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక, మింగినందుకు భయమేమీ లేదని చెప్పి, షుగరున్నా ఈ ఫంగస్ వదలదని ఆ పరీక్ష కూడా చేయించి, లేదని తేలాక మాత్రలు మళ్లీ రాసింది. ఈసారి నేను బాలమణిని గదిలోకి తీసుకెళ్లి, కాగితం మీద బొమ్మ వేసి, మాత్ర ఎక్కడ పెట్టుకోవాలో పేరుపెట్టి చెప్పాను.

"గట్లనా! ముందుగాల్నే చెప్పొద్దా సిస్టరమ్మా? నేను మా యారాలికి గూడ గీ మజ్జిగ మంచిదని చెప్తి!"

మాటల్లో ఇంకొకటి బయటపడింది. శుభ్రమవుతుందని రోజూ ఘాటైన మందునీళ్లతో లోపలిదాకా కడుక్కుంటోంది. దాంతో మంట పెరుగుతుందని, పైన మామూలు నీళ్లు చాలని, తడి బట్టలు వెంటనే మార్చుకుని కాటన్‌వి వేసుకోవాలని చెప్పాను. రెండు వారాలకు దురద పోయింది, ఉద్యోగం నిలిచింది. తన లైనులో కుట్టే మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది.

ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా, మందు ఎలా వాడతారో పేషంట్ నోటితో చెప్పించుకున్నాకే పంపేదాన్ని. ఆ తప్పు బాలమణిది కాదు. ఒక అవయవం పేరు చెప్పడానికి సిగ్గుపడిన నర్సుది.