అమ్మ పంతం పట్టి చేసిన చీజు రొట్టె

మా చిన్నప్పుడు... దొనకొండలో రైలు ఇంజినీరు దొర బంగళా ఉండేది. ఆ వంటింటి గుమ్మంలో కూర్చుని మా అమ్మ వంట చేస్తుంటే చూసేదాన్ని. తెల్లదొరల కాలం. నాకు ఎనిమిదేళ్లుంటాయేమో.

దొరసానికి ఒక వేడి రొట్టె మహా ఇష్టం. అమ్మ పెద్దకూరను, అదే గొడ్డుమాంసాన్ని, పల్చగా కోసి, మిరియాల పొడి పట్టించి, కాలే పెనం మీద వేసేది. పక్కనే ఉల్లిపాయలు ఎర్రగా వేగేవి. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఆ కూర పెట్టి, సీమ నుంచి ఓడలో వచ్చిన డబ్బాలోని చీజు పరిచి, మళ్లీ పెనం మీద అదిమేది... చీజు కరిగి అంచుల వెంట కారేది. మాకు దక్కింది వాసన ఒక్కటే.

బల్ల దగ్గరికి తీసుకెళ్లేది మాత్రం బట్లరు జకరయ్య. తానే చేశానని చెప్పుకునేవాడు. ఆయనా మేమూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది.

ఒకరోజు కొత్త చీజు డబ్బా ఖాళీగా దొరికింది. తిన్నది జకరయ్యేనని వంటింట్లో అందరికీ తెలుసు. దొరసాని అడిగితే, "ఆ వంటామె పిల్లలకు తీస్కపోయిందమ్మా" అన్నాడు. ఎవరూ నోరు మెదపలేదు. ఆ పూటే అమ్మ పని పోయింది.

ఆదివారం చర్చిలో చాప మీద అమ్మ పక్కన ఒక్కరూ కూర్చోలేదు. బడిలో నన్ను 'చీజుదొంగ కూతురా' అన్నారు. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ ఓదార్చలేదు. "ఎట్లాగూ దొంగలం అనిపించుకుంటిమి. దాని రుచేందో చూడాల్సిందే" అంది.

మా మేకపాలు కాచి, నిమ్మరసం పిండి విరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి సన్నెకల్లు కింద పెట్టింది. ఒకసారి రబ్బరులా వచ్చింది. ఇంకోసారి పొడిపొడిగా రాలిపోయింది. "ఎందుకే ఈ పంతం" అని నాయన అంటే మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టింది. చివరికి ఉప్పు, చిటికెడు వంటసోడా, నెయ్యి వేసి సన్నసెగ మీద కలియబెడితే... సాగింది.

ఆ సాయంత్రం మా పెనం మీదే రొట్టెలు కాల్చింది. నా నాలుక కాలినా ఆపలేదు. అమ్మ తన ముక్క నెమ్మదిగా నమిలి, "దీనికా..." అంది.

కొన్నాళ్లకు బంగళాకు చుట్టాలొచ్చారు. వాళ్లకు ఆ రొట్టె పెట్టాలంది దొరసాని. జకరయ్య మా ఇంటికొచ్చాడు.

"చెల్లే, నా చేతిలో కూర తోలు మాదిరి అవుతాంది. ఒక్కసారి వచ్చి చేసిపెట్టు, నేను తీస్కపోయి ఇస్తా."

"చేస్తాలే అన్నా. కానీ పళ్లెం నేనే తీస్కపోతా."

వేరే దారి లేక ఒప్పుకున్నాడు. అమ్మ మా చీజు గిన్నెలో పెట్టి నా చేతికిచ్చింది. బంగళా పెనం మీద రొట్టెలు కాల్చి, పళ్లెం పట్టుకుని నేరుగా దొరసాని ముందుకు వెళ్లింది. వెనక నేను.

దొరసాని కొరికి చూసి ఆగింది. ఈ చీజు ఎక్కడిదని వచ్చీరాని తెలుగులో అడిగింది.

"మా ఇంట్లో చేసినానమ్మా, మా మేకపాలది. మీ డబ్బా నేను తీయలేదు. తీసినాయన మీ వెనకాలే నిలబడినాడు."

జకరయ్య తల వంచుకున్నాడు.

రేపటి నుంచి పనిలోకి రమ్మంది దొరసాని. "రానమ్మా" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

వారం తిరక్కుండా జకరయ్య పని పోయింది. ఊరు వదిలే ముందు ఆయన భార్య వచ్చి మా గడపలో నిలబడింది.

"వదినా, నువ్వొక మాట చెప్తే దొరసాని ఇంటాది. పిల్లలతో యాడికి పోయేది?"

అమ్మ పొయ్యి ముందు నుంచి తల ఎత్తలేదు. ఆమె చాలాసేపు నిలబడి వెళ్లిపోయింది. వెంట వాళ్ల అమ్మాయి రూతు ఉంది... బడిలో నన్ను 'చీజుదొంగ కూతురా' అని మొదట అన్నది తనే. నేనూ మొహం తిప్పుకున్నా. నిజం చెప్తున్నా, లోపల సంతోషంగానే ఉంది.

పెద్దయ్యాక అడిగాను, ఆ రోజు జాలి కలగలేదా అని. "ఆ ఆదివారం నా పక్కన ఎవురైనా కూర్చున్నారా?" అంది అమ్మ. అంతే.

ఇప్పుడు మా మనవరాలు ఫ్రిజ్‌లోంచి చీజు తీసి ఐదు నిమిషాల్లో ఆ రొట్టె చేసిపెడుతుంది. బాగానే ఉంటుంది... కానీ అంత కోపంగా, అంత శ్రద్ధగా వండేవాళ్లు ఇప్పుడెక్కడా కనబడరు. మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా కసితో నేర్చుకున్న వంట ఉందా? ఉంటే రాయండి... ఎవరి మీద కోపమో కూడా దాచకుండా రాయండి.