సగం తెప్ప

మావయ్య పోయాడన్న కబురు బరంపురం హాస్టల్లో ఉండగా అమ్మ ఫోన్లో చెప్పింది. "మీ మావ పోనాడే. గుండె ఆగిపోనాది." వెంటనే, అదే గొంతుతో: "ఆడు సూడు, శవం మీద పడి ఏడుస్తన్నాడు, పెళ్లాంనాగ. సిగ్గునేదు."

ఆ 'ఆడు' మావయ్య జతగాడు. ఆర్యపల్లి రేవులో ఇద్దరిదీ ఒకే తెప్ప, ఒకే పాక, ఒకే పొయ్యి. ఊరు ఆ బంధానికి పేరు పెట్టలేదు. అది తన పెద్దమనసు అనుకుంది. మీరూ అలాంటి మంచివాళ్లే అయితే, ఈ నాలుగు మాటలు మీకే.

ఊరంతా ఫైబర్ పడవలకు మారినా వాళ్లు తెప్ప వదల్లేదు. ఒడ్డు చేరగానే దుంగలను విప్పి ఇసుకలో ఆరబెట్టాలి, వేకువనే మళ్లీ కట్టాలి. ఇద్దరూ చెరోపక్క దుంగకు కాలు తన్నిపెట్టి తాడు లాగితేగాని కట్టు బిగియదు. చిన్నప్పుడు నేనూ లాగుతానంటే మావయ్య నవ్వేవాడు: "నువ్వు నోటితో లాగు పిల్లా. అదే గట్టిది."

నా మనసు ఆడపిల్లల మీదకే పోతుందని తెలిసిన రోజున ఇంట్లోవాళ్లు వైద్యం కూడా ఇంట్లోనే వెతికారు: మేనరికం. "నిన్ను మీ మావకిచ్చి సేసేస్తే ఇద్దరి తిక్కా కుదురుతాది" అంది అమ్మ. కాలేజీ వక్తృత్వ పోటీల్లో ఎవరినైనా నిలదీసి కప్పులు గెలిచే నేను నోరు మెదపలేకపోయాను. గుమ్మంలో చేపల గంప దించుతూ మావయ్య అన్నాడు: "దానికి ఎవులు కావాలో అదే సెప్తాది, అక్కా. నాకెవులో నీకు తెల్దేటి?" తర్వాత నాతో: "రేపట్నుంచి ఆడినీ మావా అనే పిలు."

చిన్నమావా అని పిలిచాను. బరంపురంలో నాలాగే దాక్కుని బతికే స్నేహితులను ఆ పాకకు తీసుకెళ్లాను. అలవాటుకొద్దీ గుసగుసలాడుతుంటే, చేపలు వేయిస్తూ మావయ్య కసిరేవాడు: "గొంతు తగ్గించక్కర్నేదు. సముద్రం మీకంటే గట్టిగా అరుస్తాది." మా జీవితాల్లో మేం మామూలుగా మాట్లాడుకున్న మొదటి చోటు అదే.

దహనం దగ్గర చిన్నమావను దూరంగా నిలబెట్టారు. ఆపై తెప్ప పంచారు. పోయినవాడి వాటా ఇంటివాళ్లది. మా రేవు న్యాయం అది. నాలుగు దుంగల్లో రెండు. సగం తెప్ప తేలదని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. నేను చట్టం మాట్లాడాను, ధర్మం మాట్లాడాను. మావయ్యకు అన్న, మా పెదమావ ఓపిగ్గా విని, "బాగా సెప్పినావు. కప్పు ఇస్తారేటి?" అన్నాడు. అందరూ నవ్వారు.

పెద్దకర్మ నాడు ఇంటి వాటాకొచ్చిన ఆ రెండు దుంగలను గొడ్డలితో చీల్చి వంటపొయ్యిలో పెట్టారు. చిన్నమావకు పిలుపు లేదు. ఏళ్ల తరబడి ఉప్పు పీల్చిన కర్ర. మండకుండా పొగ చిమ్మింది. విస్తళ్ల ముందు కూర్చున్న బంధువులందరికీ కళ్లవెంట నీళ్లు కారాయి. మావయ్య కోసం ఆ ఇంట్లో కారిన కన్నీళ్లు అవే.

విస్తరి వదిలి రేవుకు వెళ్లాను. చిన్నమావ మిగిలిన రెండు దుంగలనూ పక్కపక్కన చేర్చి, ఒకవైపు కాలు తన్నిపెట్టి కూర్చున్నాడు. తాడు రెండో కొస నావైపు చాపాడు. నేనూ కాలు తన్నిపెట్టి లాగాను. ఊరి మీదుగా పొగ మా వైపే వస్తోంది.